నొప్పి తగ్గిందని సంబరపడకండి

ప్రశ్న: మా అమ్మకు కింది దవడపన్ను నెల రోజులు సలిపింది. మందుల అంగడి మాత్రలతో తగ్గిపోయింది. హోసూరు డాక్టరు రూట్ కెనాల్ చేసి క్యాప్ వెయ్యాలంటున్నారు. నొప్పే లేని పంటికి ఇంత ఖర్చెందుకు, పీకించేస్తే సరిపోదా?
– ఒక పాఠకురాలు, అంచెట్టి

జవాబు: ఈ ఉత్తరం ఎన్నిసార్లు వచ్చిందో! ఊరి పేరు మారుతుంది, కథ ఒకటే. సలిపి సలిపి ఉన్నట్టుండి ఊరుకున్న పన్ను చాలాసార్లు నయమైన పన్ను కాదమ్మా, లోపల నరం చచ్చిపోయిన పన్ను. నరం చచ్చాక అక్కడికి రక్తం పోదు, రక్తం పోనిచోటికి మీ మాత్రా పోదు. కుళ్ళు మాత్రం వేరు కొస దాటి ఎముకలోకి దిగుతుంది. చెంప వాచేదాకా ఆగకండి.

రూట్ కెనాల్ అంటే ఆ కుళ్ళిన నరాన్ని తీసి, వేరులోని సన్నటి దారులు కడిగి ఆరబెట్టి, గట్టా పెర్చా అనే చెట్టుపాల పదార్థంతో మూసెయ్యడం. పని చేస్తుందా అంటారా? 2004లో అమెరికాలో 14 లక్షలకు పైగా పళ్ళ లెక్కలు తీశారు. ఎనిమిదేళ్ళ తర్వాతా 100కు 97 నోట్లోనే ఉన్నాయి. పీకాల్సి వచ్చినవాటిలో 100కు 85 పళ్ళకు పూర్తి క్యాప్ లేదు. నా కోపమంతా ఇక్కడే. నొప్పి పోగానే క్యాప్ ఎగ్గొట్టేస్తారు. బాగా పుచ్చిన దవడపన్ను వక్కో ఎముకో కొరికిన రోజు నిలువునా చీలుతుంది, పెట్టిన డబ్బంతా బూడిదే. క్యాప్‌తో కలిపి ఎంతవుతుందో మొదటి రోజే అడగండి. భారమనిపిస్తే బెంగళూరు కోట దగ్గర, విక్టోరియా ఆసుపత్రి ఆవరణలో ప్రభుత్వ దంత వైద్య కళాశాల ఉంది.

వేరు చీలిపోయినా, పట్టుకునే ఎముకే కరిగిపోయినా పీకించక తప్పదు. లేదంటే వద్దు. పీకిస్తే ఆ సందులోకి పక్కపళ్ళు ఒరుగుతాయి, పైపన్ను కిందికి దిగుతుంది. అప్పుడు రాగిముద్ద మింగడం తప్ప వేరుశనగ నమలడం ఉండదు.

ప్రశ్న: పైపన్ను పీకిస్తే కంటిచూపు తగ్గుతుందా?
– డెంకణికోట

జవాబు: తగ్గదు, కంటి నరం వేరు, పంటి నరం వేరు.

ప్రశ్న: పాత వెండి ఫిల్లింగులో పాదరసం ఉందట. తీయించెయ్యాలా?
– హోసూరు

జవాబు: ఉంది, దాదాపు సగం. కానీ గట్టిగా ఉన్నదాన్ని కదపకండి, తొలిచేటప్పుడే ఆవిరి ఎక్కువ లేస్తుంది. పిల్లలకు, గర్భిణులకు, పాలిచ్చే తల్లులకు మాత్రం కొత్తగా వేయించవద్దు.

ప్రశ్న: పిల్లల ముందుపళ్ళ మీద గోధుమరంగు మచ్చలు. ఎంత తోమినా పోవు. ఫ్లోరైడ్ పేస్టు మాన్పించమంటున్నారు.
– క్రిష్ణగిరి

జవాబు: తప్పు పేస్టుది కాకపోవచ్చు, ముందు బోరునీళ్ళను అనుమానించండి. 1937లో నెల్లూరు జిల్లాలో బయటపడిన, నీళ్ళలో ఫ్లోరైడ్ ఎక్కువై వచ్చే ఫ్లోరోసిస్ జబ్బే మీ జిల్లానూ, ధర్మపురినీ పట్టింది. 2013లో హొగెనకల్ కావేరి నీటి పథకం మొదలైంది అందుకే. పన్ను చిగురులో తయారవుతుండగా పడ్డ మచ్చ అది, తోమితే పోదు. పెద్దయ్యాక పంటిరంగు ఫిల్లింగుతో కప్పించవచ్చు. మచ్చ ఉన్న పన్నూ పుచ్చుతుంది కనుక పేస్టు మానొద్దు. మూడేళ్ళలోపు పిల్లలకు బియ్యపు గింజంత, ఆరేళ్ళదాకా బఠాణీ గింజంత పెట్టి, ఉమ్మించండి. నీళ్ళు కాస్తే ఫ్లోరైడ్ పోదు, ఇంకా చిక్కబడుతుంది. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటితే ఆ నీళ్ళు తాగడానికి పనికిరావు. ముందు బోరునీళ్ళు పరీక్ష చేయించండి, అందాకా పిల్లలకు కుళాయిలో వచ్చే కావేరి నీళ్ళే పట్టండి.