కందిపప్పులో కేసరి పప్పు మిశ్రమము: పరీక్షాధికారులకు ఉపయుక్తమగు వివరణము

దుర్గు జిల్లాలో భిలాయి ఉక్కు కర్మాగారమునకు నీరొసంగు మరోదా జలాశయము ప్రక్క పల్లెలలోను, ఆ చుట్టుపట్ల వరి పండు సీమయందంతటను, కోతకు కొన్నిదినములు ముందుగా నిలిచియున్న పైరులోనే తివడా యను గింజను వెదచల్లుట పూర్వాచారము. కృష్ణా డెల్టా రైతులు వరిచేలలో మినుములు చల్లునట్లే యిదియును. అచ్చట దీనిని ఉతేరా సాగు అందురు. దుక్కి అక్కఱలేదు, నీరు పెట్టనక్కఱలేదు, నేలలో మిగిలిన చెమ్మయే చాలును. ఈ గింజనే హిందీలో ఖేసారి యనియు, తెలుగున లంకపప్పు లేక కేసరి పప్పు అనియు వ్యవహరింతురు.

వానలు తప్పిన యేట తక్కిన పైరులు ఎండిపోగా ఇది యొక్కటియే బ్రదుకును. అపాయమంతయు ఇందే కలదు. ఏలయన, కొద్దిగా ఇతర ధాన్యములతో కలిపి తిన్నవారికి సాధారణముగా కీడు కనబడదు గాని, రెండుమూడు మాసములపాటు దీనినే ముఖ్యాహారముగా తినువారికి కాళ్లు బిగిసికొనిపోవును. మొదట మడమ నేల నానదు. పిమ్మట మోకాళ్లు ఒండొంటికి అడ్డుపడును. తుదకు కఱ్ఱల సాయముననైనను నడువలేక ప్రాకవలసివచ్చును. పోయిన నడక మరల రాదు. వయసులోనున్న పురుషులే దీనికి ఎక్కువగా లోనగుచున్నారు. 1829 మొదలు సాగరు ప్రాంతమున పంటలు చెడిన యేండ్లలో పల్లెవాసులు ఇట్లు కుంటివారైన వృత్తాంతమును స్లీమన్ దొర 1844లో ప్రకటించిన గ్రంథమున వ్రాసియున్నాడు. రీవా ప్రాంతమున పాలేర్లకు కూలిక్రింద ఈ గింజనే కొలిచి యిచ్చు వాడుక చిరకాలము సాగినది. తినువాడు తాను కోరి కొన్నది కాదు గనుక అతనికి బుద్ధి చెప్పిన ప్రయోజనము లేకపోయెను.

దోషకారణమగు పదార్థమును 1964లో బెంగుళూరు విజ్ఞానమందిరమున రావు, అడిగ, శర్మ గారలు గింజనుండి వేఱుపఱచిరి. దానిని సంక్షేపముగా ఓడాప్ అందురు. ఇది నీటిలో కరగును. కావున పప్పును విస్తారమైన వేడినీట నానబెట్టి ఆ నీరు పాఱబోసినచో విషములో పెద్దభాగము తొలగిపోవును. నీటి కఱవు గల యేట, కట్టెలు కొనలేని యింట, ఈ ఉపాయము ఎంతవఱకు సాగునో తాలూకా అధికారులకు వేఱుగ చెప్పనక్కఱలేదు.

శాసనముల సంగతి. మదరాసు రాజధానిలో 1918 సంవత్సరపు 3వ ఆక్టు కల్తీ నివారణకు ఏర్పడెను. 1954 సంవత్సరపు కేంద్రశాసనము దాని స్థానమున వచ్చెను. దాని క్రింద 1961లో చేర్చిన 44-ఏ నిబంధన కేసరి పప్పు విక్రయమును నిషేధించెను గాని, అమలు తేదీని నిర్ణయించు పని ఆయా రాష్ట్రములకు విడిచిపెట్టెను. పంట యున్నచోట పాలకులు జంకిరి. పంట లేనిచోట నిషేధము సులభముగా నడచెను. మా యభిప్రాయమున ఆ నిబంధనయందలి లోపమిదియే. 2006 సంవత్సరపు ఆహారభద్రతా శాసనము 2011లో అమలునకు రాగా, ఆ యేటి నిబంధనలు ఈ పప్పును, దానితో చేసిన వస్తువులను, ఇతర ఆహారములలో దాని మిశ్రమమును గూడ విక్రయింపరాదని విధించినవి.

పంట చవుక, కంది ప్రియము. మిశ్రమమునకు వేఱు కారణము వెదుకనక్కఱలేదు. శ్రీకాకుళము, విశాఖపట్టణము వైపులనుండి పనికై భిలాయి చేరిన తెలుగు కుటుంబములకు దినమును కందిపప్పు కావలయును. కోస్తా సంతలలోను అంతే. గింజను చేతిలోనికి తీసికొని చూడుడు. కంది గుండ్రముగా నుండును. కేసరి ఒకవైపు ఏటవాలుగా, గొడ్డలి మొనవలె, చతురముగా నుండును. సందేహము కలిగినచో పలుచని హైడ్రోక్లోరిక్ ఆమ్లములో పప్పును వేసి, కాగుచున్న నీటిపై పావుగంట యుంచిన గులాబిరంగు పొడసూపును. అయితే పప్పునకు మెరుగుకై పూయు మెటానిల్ యెల్లో అను నిషిద్ధవర్ణము సైతము ఆమ్లము తగిలిన తక్షణమే అట్టి రంగునే యిచ్చును. కనుక రంగు మాత్రము చూచి వర్తకునిపై ఇది కేసరియే యని నేరము మోపరాదు. రెండును తప్పులే గాని, అవి వేఱు వేఱు తప్పులు.

శనగపిండి విషయము మఱింత కష్టము. పిండియైన పిదప ఆకారము మిగులదు, ప్రయోగశాలయే శరణ్యము. నమూనా తీయునపుడు వర్తకునకు వ్రాతమూలకమగు నోటీసు ఇచ్చి, నాలుగు భాగములుగా విభజించి ముద్రలు వేయవలెను. ఒకటి ఆహార విశ్లేషకునకు, రెండు నియుక్తాధికారికి పోవలెను. వర్తకుడు కోరినయెడల నాలుగవది గుర్తింపు పొందిన ప్రయోగశాలకు పంపవలెను. విశ్లేషకుడు పదునాలుగు దినములలో నివేదిక పంపవలెను. ముద్ర సరిగా పడని పొట్లము న్యాయస్థానమున నిలువదు.

2016లో వ్యవసాయ పరిశోధనామండలివారు రతన్, ప్రతీక్, మహాతివడా అను మూడు స్వల్పవిష రకములను ముందునకు తెచ్చిరి. కడపటిది రాయపూరు వ్యవసాయ విశ్వవిద్యాలయమువారి సృష్టి. రైతునకు ఇది మేలైన వార్తయే. కాని పప్పు బద్దలైన తరువాత పాతరకమునకు క్రొత్తరకమునకు భేదము కంటికి కనబడదు. కావున అంగడిలోని బస్తాపై ఏ రకము పేరు వ్రాసియున్నను, పరీక్షాధికారి ఆ వ్రాతను నమ్మక నమూనాను యథావిధిగా తీసి పంపవలసియుండును.