ఖండం దాటిన ఆకుకూర

అమెరికా సంయుక్త రాష్ట్రాల పశ్చిమ తీరాన, కాలిఫోర్నియాలో సాలినస్ అనే లోయ ఉన్నది. సముద్రపు చల్లగాలి సోకే ఆ నేలలో లెట్యూస్ అనే ఆకుకూర విస్తారంగా పండుతుంది. చూపునకు క్యాబేజీని పోలిన ఆ కూరలో నూటికి తొంభై అయిదు పాళ్లు నీరే. అక్కడ కోసిన కూర కొద్ది రోజులకే తూర్పు తీరాన న్యూయార్కు నగరవాసి పళ్లెంలో వాడిపోకుండా ప్రత్యక్షమవుతుంది. ఈ రెండింటి నడుమ రోడ్డు మార్గాన దూరం సుమారు 4,700 కిలోమీటర్లు. తినేవానికి కూర ధర తెలుస్తుంది గాని, దానిని అంత దూరం చేర్చిన శక్తి కంటికి కనిపించదు. ఆ శక్తి ఎక్కడి నుండి వచ్చింది, రెండు శతాబ్దాలలో ఎట్లా మారింది అన్నది పరిశీలింపదగిన విషయం.

ఆహారం దూరప్రయాణం చేయడం ఆ దేశంలో కొత్త కాదు. మొదట దానిని నడిపించినది గడ్డి, దాణా. హడ్సన్ నదిని ఈరీ సరస్సుతో కలిపే 584 కిలోమీటర్ల కాలువ 1825లో పూర్తయింది. గట్టు వెంట నడిచే కంచరగాడిదలు, గుర్రాలు తాళ్లతో పడవలను లాగేవి. బండిపై కొద్దిపాటి బరువును మాత్రమే లాగగల జంతువు, నీటిపై తేలే బరువును దానికి అనేక రెట్లు లాగగలదు. బఫెలో పట్టణం నుండి న్యూయార్కుకు టన్ను సరకు చేరవేయడానికి అంతకు ముందు సుమారు 100 డాలర్లు ఖర్చయ్యేది. కాలువ వచ్చిన తరువాత అది పది డాలర్లకు, ఇంకా తక్కువకు దిగింది. గోదావరి కాలువలపై ధాన్యపు పడవలకు తాడు కట్టి గట్టు వెంట లాగడం చూచిన మన పెద్దలకు ఈ కిటుకును విడమరచి చెప్పనక్కరలేదు.

మాంసం సంగతి వేరు. 1867 తరువాత టెక్సాస్ పశువుల మందలను వెయ్యికి పైగా కిలోమీటర్లు నడిపించి, కాన్సస్‌లోని అబిలీన్ రైలు స్టేషనుకు తోలేవారు. ఆహారం తన కాళ్లపై తానే నడిచి వచ్చినదన్నమాట! అయితే ఆ నడకకు కావలసిన శక్తి పశువు కండ నుండే తరిగిపోయేది. అక్కడి నుండి ప్రాణంతోనే రైలు పెట్టెలలో తూర్పునకు పంపితే, దారిలో కొన్ని చిక్కిపోయేవి, కొన్ని చనిపోయేవి. పైగా పశువు బరువులో సగానికి మించిన భాగం తినడానికి పనికిరానిది. ఆ వ్యర్థాన్ని మోయడానికీ బొగ్గు కాల్చవలసి వచ్చేది. గుస్టావస్ స్విఫ్ట్ అనే షికాగో వర్తకుడు దీనిని గ్రహించి, ఆండ్రూ చేజ్ అనే ఇంజనీరు చేత మంచుగడ్డలతో చల్లబడే రైలు పెట్టెను రూపొందింపజేశాడు. 1870ల చివరి నాటికి మాంసాన్ని మాత్రమే పంపడం సాధ్యమైంది. పశువుల పెట్టెలపై పెట్టుబడి పెట్టిన రైల్వే కంపెనీలు మొదట అతనికి సహకరింపలేదు. ఆ మాంసం కెనడాకు చెందిన గ్రాండ్ ట్రంక్ రైలు మార్గాన చుట్టు తిరిగి తూర్పు తీరం చేరింది. శక్తిని ఆదా చేసే ఉపాయానికి కూడా దారి సులభంగా దొరకలేదు.

ఆ మంచు యంత్రాల సృష్టి కాదు. శీతకాలంలో గడ్డకట్టిన చెరువులను రంపాలతో కోసి, రంపపు పొట్టులో దాచిన సహజమైన చలి అది. ఫ్రెడరిక్ ట్యూడర్ అనే వర్తకుడు అటువంటి మంచునే తెరచాప ఓడలలో మన దేశానికి సైతం పంపాడు. దానిని నిలువ చేయడానికి 1842లో కట్టిన ఐస్ హౌస్ చెన్నై సముద్రతీరంలో నేటికీ ఉన్నది.

ఖండాన్ని దాటే రైలు మార్గం 1869లోనే పూర్తయినా, లేత ఆకుకూరకు ఆ ప్రయాణం చాలాకాలం గండంగానే ఉన్నది. పెట్టెలలోని మంచు కరిగిపోయిన కొద్దీ దారి పొడవునా మళ్లీ నింపుతూ ఉండాలి. 1906లో ఏర్పడిన పసిఫిక్ ఫ్రూట్ ఎక్స్‌ప్రెస్ సంస్థ ఇందుకోసమే మంచు కేంద్రాలను నిర్మించింది. సాలినస్‌లో పుట్టిన జాన్ స్టైన్‌బెక్ 1952లో వెలువరించిన 'ఈస్ట్ ఆఫ్ ఈడెన్' నవలలో, ఒక పాత్ర మంచులో పెట్టి న్యూయార్కుకు పంపిన లెట్యూస్ దారిలో ఆలస్యమై కుళ్లిపోతుంది. పంపినవాని ఆస్తిలో పెద్ద భాగం దానితోనే పోతుంది.

ఈ గండాన్ని తొలగించినవారిలో ఫ్రెడరిక్ మెకిన్లీ జోన్స్ ముఖ్యుడు. ఈ నల్లజాతి మేధావి పెద్దగా బడికి వెళ్లినవాడు కాడు. 1930ల చివరలో లారీపై అమర్చగల శీతల యంత్రాన్ని తయారుచేశాడు. 1956 చట్టంతో దేశమంతటా విశాలమైన రహదారులు వెలసిన పిదప, రైలు మోసిన కూరగాయలు క్రమంగా లారీలకెక్కాయి. చెరువు మంచు, గడ్డి, బొగ్గు స్థానాన్ని డీజిల్ ఆక్రమించింది.

ఒక్కసారి లెక్క వేసి చూద్దాం. ఇరవై టన్నుల కూర మోసే లారీ లీటరు డీజిల్‌తో రెండున్నర కిలోమీటర్లు నడుస్తుందనుకుంటే, సాలినస్ నుండి న్యూయార్కుకు దాదాపు 1,900 లీటర్లు కావాలి. శీతల యంత్రానికి మరో 200 లీటర్లు కలుపుదాం. కిలో కూరకు నూరు మిల్లీలీటర్లకు కొంచెం పైన, అనగా సుమారు 900 కిలోకేలరీల శక్తి. ఆ కిలో కూర తిన్నవానికి లభించేది 140 కిలోకేలరీలే!

ఈ లెక్క చూచి దూరమే దోషమని తీర్మానించడం తొందరపాటు. 2008లో వెబర్, మాథ్యూస్ అనే పరిశోధకులు అమెరికా కుటుంబాల ఆహారం వల్ల వెలువడే వాతావరణాన్ని వేడెక్కించే వాయువులను లెక్కించారు. అందులో రవాణా వాటా మొత్తం మీద 11 శాతం, ఉత్పత్తి వాటా 83 శాతం. వారంలో ఒక్కరోజుకన్నా తక్కువగా గొడ్డు మాంసం వంటి ఎర్ర మాంసాన్నీ, పాల పదార్థాలనూ మాని కూరగాయలు తింటే కలిగే మేలు, తిండి అంతటినీ దగ్గరి పొలాల నుండే కొన్నా కలుగదని వారు తేల్చారు. లెట్యూస్ విషయంలో రవాణా పెద్దదిగా కనిపించడానికి కారణం, ఆ కూరలో ఉన్నది ప్రధానంగా నీరు కావడమే. టన్ను సరకును అదే దూరం చేర్చడానికి రైలుకయ్యే ఇంధనం లారీకయ్యేదానిలో మూడో వంతో, నాలుగో వంతో. ఉల్లిపాయలు, బంగాళాదుంపలు ఇప్పటికీ పశ్చిమ రాష్ట్రాల నుండి కొంతమేర రైలులోనే తూర్పునకు వెళుతున్నాయి. అవి స్టేషనులో రెండు రోజులు ఆగినా చెడవు. లెట్యూస్‌కు ఆ వ్యవధి లేదు.