పేతురు అత్తగారి బొమ్మ నేర్పే పాఠం



మెదక్ చర్చి అద్దాల కిటికీలు మీలో చాలామంది చూసే ఉంటారు. యేసు జననం, సిలువ, ఆరోహణం అక్కడ రంగురంగులుగా వెలుగుతుంటాయి. ఈసారి మనం చూసే బొమ్మలో అన్ని రంగులు లేవు. చిన్న కాగితం, గోధుమరంగు సిరా, అంతే. హాలెండ్ చిత్రకారుడు రెంబ్రాంట్ (1606–1669) సుమారు 1650–60 మధ్య దీన్ని గీశాడు. కలంతో గీతలు గీసి, నీళ్లు కలిపిన సిరాను కుంచెతో పూసి నీడలు తెచ్చాడు. ఆ కాగితం ఇప్పుడు పారిస్‌లో ఉంది.

సంగతి మార్కు సువార్త 1:29–31 లోనిది. పేతురు అత్తగారు జ్వరంతో పడి ఉంది. బొమ్మలో యేసు, ఆమె, ఇద్దరే ఉన్నారు. ఆయన బాగా వంగి, ఆమె రెండు చేతులూ పట్టుకొని లేపుతున్నాడు. ఆమె ఇంకా సగమే లేచింది. రెంబ్రాంట్ భార్య సాస్కియా 1642లో, 29 ఏళ్లకే చనిపోయింది. మంచంలో ఉన్న ఆమెను ఆయన చాలాసార్లు గీశాడు. నీరసించిన మనిషి ఎంత బరువుగా ఉంటుందో ఆయనకు తెలుసని నాకు అనిపిస్తుంది.

ఆమె లేచి వారికి ఉపచారం చేసిందని వాక్యం చెబుతుంది. నాట్ల కాలంలో ఒకసారి వార్డులో ఇది చదివితే, ఒక తల్లి "అయితే లేవంగనే పనికి పోవాల్నా సిస్టరమ్మా?" అని అడిగింది. ఆ రోజు నేను జవాబు చెప్పలేకపోయాను. ఈ బొమ్మ చూశాక చెప్పగలను. ప్రభువు బాగుచేసినప్పుడు బలం కూడా వెంటనే ఇచ్చాడు. మన రోగులకు జ్వరం ముందు పోతుంది, బలం తర్వాత వస్తుంది. ఆ మధ్య రోజుల్లో వంగి లేపవలసిన చేతులు మీవే.

ఇంట్లో ఇలా చేయండి:

1. బొమ్మలోలాగా చేతులు పట్టి లాగకండి, భుజం కీలు నొప్పి చేస్తుంది. రోగిని పక్కకు తిప్పి, వీపు వెనక చెయ్యి వేసి లేపండి. మీ మోకాళ్లు వంచండి, నడుము కాదు.

2. మంచం అంచున కాసేపు కూర్చోబెట్టి, తల తిరగకపోతేనే నిలబెట్టండి.

3. గంజి, మజ్జిగ, కాచి చల్లార్చిన నీళ్లు కొద్దికొద్దిగా తాగిస్తూ ఉండండి.

4. డెంగీలో జ్వరం దిగిన తర్వాతే ప్రమాదం రావచ్చు. కడుపునొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ల నుండి రక్తం, చల్లబడిన చేతులు, విపరీతమైన నీరసం, వీటిలో ఏది కనిపించినా రాత్రయినా సరే వెంటనే ఆసుపత్రికి తీసుకురండి.

జ్వరం తగ్గిన మరునాడే కోడలిని పొయ్యి దగ్గరికి, అమ్మను పొలానికి పంపకండి. కొన్నాళ్లు ఆ పని మీరు చేయండి. అది కూడా ఉపచారమే.