చీపురుకర్ర తుపాకులు

(బి.ఎస్సీ. ద్వితీయ సంవత్సరం)

యుద్ధం సినిమాలో తుపాకి మోత వినగానే ఉలిక్కిపడతాం గానీ, అది నిజంగా పేలిందా అని అడగం. లూయిస్ మైల్‌స్టోన్ తీసిన 'ది పర్పుల్ హార్ట్' (1944) చూశాక నాకా సందేహం కలిగింది. జపాను వారికి చిక్కిన ఎనిమిదిమంది అమెరికన్ వైమానికుల విచారణే అందులో కథ.

సినిమాల్లో మామూలుగా వాడేది ఉత్త తూటా. మందు ఉంటుంది, గుండు ఉండదు. మన దీపావళి టపాకాయ లాంటిదే. తేడా కనిపెట్టడం ఎలా? ఆనాటి జపాను సైనికుల 38వ రకం రైఫిల్ బరువు సుమారు 4 కిలోలు. దాని గుండు 9 గ్రాములు, వేగం సెకనుకు దాదాపు 760 మీటర్లు. హెచ్చవేస్తే ద్రవ్యవేగం 6.84 యూనిట్లు. న్యూటన్ మూడో సూత్రం చొప్పున రైఫిల్ కూడా అంతే ద్రవ్యవేగంతో వెనక్కి తన్నాలి. 4తో భాగించండి: సెకనుకు 1.7 మీటర్లు! గుండు లేనప్పుడు ఆ తన్ను చాలావరకు ఉండదు. అందుకని తెరమీద తుపాకి మూతిని కాదు, పేల్చేవాడి భుజాన్ని చూడాలి.

అసలు చరిత్రలోనూ ఉత్తుత్తి తుపాకులున్నాయి. 1942 ఏప్రిల్ 18న డూలిటిల్ నాయకత్వంలో 16 బి-25 విమానాలు హార్నెట్ నౌక మీంచి లేచి జపానుపై బాంబులు వేశాయి. దూరం ఎక్కువ, బరువు తగ్గాలి. కడుపు కింది మరతుపాకులు పీకేసి, ఆ చోట పెట్రోలు ట్యాంకు పెట్టారు. తోకలో అసలు తుపాకులే లేవు. చీపురుకర్రలకు నల్లరంగు పూసి బిగించారు! సరిగ్గా వెనకనుంచి ఏ శత్రు విమానమూ దాడి చేయలేదని డూలిటిల్ తన నివేదికలో రాశాడు. మా జొన్నచేలో దిష్టిబొమ్మ చేసే పనీ ఇదే. అది బొమ్మేనని పిట్ట కనిపెట్టేదాకా కంకి దక్కినట్టే.

కానీ పెట్రోలు అయిపోయి చైనాలో దిగిన వారిలో రెండు విమానాల వారు, మొత్తం ఎనిమిదిమంది, జపాను సైన్యానికి దొరికిపోయారు. ముగ్గుర్ని 1942 అక్టోబరు 15న షాంఘైలో కాల్చి చంపారు. ఒకరు 1943లో చెరలోనే మరణించారు. మిగతా నలుగురికి 1945 ఆగస్టులో గాని విడుదల లేదు. అంటే ఈ సినిమా ఆడుతున్న రోజుల్లో వాళ్లింకా జైల్లోనే ఉన్నారన్నమాట.

షాంఘైలో పేలినవి ఉత్త తూటాలు కావు. లాబొరేటరీలో మనం ద్రవ్యవేగం లెక్క కట్టేటప్పుడు తుపాకి వెనక ఉన్న భుజాన్నే కాదు, గుండుకు ఎదురుగా నిలబడ్డ మనిషిని కూడా ఒకసారి తలుచుకుందాం.