గడపవద్ద వెనుకబడిన చేయి

చిరంజీవి మాధవునకు పెదనాన్న ఆశీర్వదించి వ్రాయునది.

నీ ఉత్తరము మొన్న అందినది. జీతమును, భోజనమును, తార్నాకలో కుదుర్చుకొన్న గదిని, ఉదయమున విశ్వవిద్యాలయపు చెట్లక్రింద నడకను విపులముగా వర్ణించి, చివర "పనిచోట తలుపులో వ్రేలు పడినది, ఏమంత దెబ్బ కాదు" అని అరపంక్తిలో ముగించితివి. ఏమంత దెబ్బ కానిచో మూడవ పుటనుండి నీ అక్షరములేల వంకర పోయినవి? పలకపై నీచేత ఓనమాలు దిద్దించినవాడను. నీ వ్రాత నేనెరుగనిది కాదు. మీ పెద్దమ్మ ఆ పంక్తిని రెండుమారులు చదివించుకొని ఆ రాత్రి అన్నము సరిగా తినలేదు.

తలుపులో నా అనామిక కొన తెగిన సంగతి మీ నాయన చెప్పియే యుండును గావున ఆ కథ తిరిగి ఎత్తను. అతడప్పుడు పసివాడగుటచే ఎరుగనిది ఒక్కటున్నది. 1962లో నేను నీవు నడచు ఆ విశ్వవిద్యాలయముననే చదువుకొనుచు, సాయంకాలములందు ఒక ముద్రణాలయమున అక్షరములు కూర్చుచుంటిని. ఆషాఢపు గాలి వీచుచున్న ఒకనాడు ఎడమచేత అచ్చుల పళ్ళెము పట్టుకొని, కుడిచేయి ద్వారబంధముపై మడతబందుల వైపున ఆనించి గడప దాటబోయితిని. ఇనుప తలుపును గాలి విసరివేసినది. నేను అజాగ్రత్తగా లేను, నాయనా. పళ్ళెమందలి ఒక్క అక్షరమైనను జారకుండునట్లు ఎంతయో జాగ్రత్తగా నుంటిని. అయితే నా మనస్సు అప్పటికే లోపలి బల్లను చేరినది. దేహము గడపపై నున్నది. చేయి బయటనే మిగిలినది. యంత్రము ముందు నిలుచునప్పుడు ఇది పని యని మెలకువతో నుందుము. తలుపును మాత్రము పనికి పోవు దారిగా నెంచి లెక్కచేయము. అందుచేతనే గడపవద్ద మొదట మనస్సు, పిదప దేహము, చిట్టచివర చేయి దాటును. ఆ వెనుకబడిన చేయియే నలిగిపోవును.

నీ వ్రేలు ఏ వైపున పడినదో వ్రాయలేదు. గొళ్ళెపు వైపుననా, మడతబందుల వైపుననా? అందరును గొళ్ళెపు వైపునకే భయపడుదురు. భయపడవలసినది రెండవ వైపునకు. మడతబందునుండి 90 సెంటీమీటర్ల దూరమున పిడివద్ద పది కిలోల బలముతో త్రోసినచో, మడతబందునకు 3 సెంటీమీటర్ల దూరమందలి సందులో అదియే ముప్పదిరెట్లై, మూడువందల కిలోల బరువుగా వ్రేలిపై పడును. త్రోయువానికి ఆ సంగతియే తెలియదు. పసిపిల్ల త్రోసినను చాలును. ఈ అరువది యేండ్లలో నేను ఏ యింట అడుగిడినను ముందు ఆ సందునే చూచుచున్నాను. ఆ సందును కప్పుటకు రబ్బరు పట్టీలు దొరకును. నీ పైయధికారిని వినయముగా అడుగుము, ఈయనిచో మరల అడుగుము.

చేతికట్టుతో తరగతులకు వచ్చిన ఆ రోజులలో నేను ఆర్ట్సు కళాశాల మెట్లపై ఒంటరిగా కూర్చుండెడివాడను. బెల్జియం దేశీయుడైన జాస్పరు రూపకల్పన చేయగా, 1939 డిసెంబరు 4న ప్రారంభమైన ఆ గులాబివన్నె రాతిమేడ సాయంకాలపు వెలుగులో ఎంత ప్రశాంతముగా నుండునో నీవును చూచుచునే యుందువు. అచ్చటనే ఒక వృద్ధ సేవకుడు నా కట్టును చూచి, లోనికి పిలిచికొనిపోయి, బరువైన తలుపును త్రోయు విధము నేర్పెను: అరచేయి చదునుగా రెక్క నడుమ ఆనించవలెను, వ్రేళ్ళు అంచు చుట్టును పోరాదు, రెక్క నిశ్చలముగా నిలుచువరకు చేయి తీయరాదు. "హాథ్ బచావో, బేటా" అని నా తల నిమిరెను. మా నాయన పోయిన తరువాత నా తల నిమిరినవాడు ఆయన యొక్కడే.

తలుపు తనంతట మూసికొను డోర్ క్లోజరునకు వేగము సవరించు మరలుండును. ఒకటి రెక్క తిరుగు వేగమును, వేరొకటి చివరి మూతను అదుపుచేయును. దాని నుండి నూనె కారుచున్నచో పట్టు తప్పినదని గ్రహించి, బాగుచేయువరకు ఆ తలుపునకు చెక్క ఆపు పెట్టుము. ఎదురు కిటికీ తెరచియున్నప్పుడు గాలిని నమ్మకుము. రెండు చేతులను బరువున్నచో తలుపు పట్టుటకు తోడు పిలువుము. తార్నాకలో ఉదయమున దుకాణదారులు షట్టర్లెత్తుట గమనింపుము. తెలిసినవాడు పిడినే పట్టును, చుట్టుకొను పలకల నడుమ వ్రేలు పెట్టడు.

దెబ్బ తగిలినచో, వాపు రాకముందే ఉంగరము తీసి, చన్నీటిలో నుంచి, చేయి పైకెత్తి పట్టవలెను. గోటిక్రింద నెత్తురు కట్టినచో సూదితో పొడువక వైద్యుని చూడుము. తునక తెగినచో తడి శుభ్రవస్త్రమున చుట్టి, సంచిలో మూసి, ఆ సంచిని మంచుపై నుంచి ఆసుపత్రికి పరుగెత్తవలెను. తునకకు మంచు నేరుగా తగులరాదు. ఇది వ్రాయుచుండగా నా చేయి వణకుచున్నది; నీకు ఎన్నడును అక్కరకు రాకుండుగాక.

1923 నాటి కార్మిక పరిహార చట్టము బొటనవ్రేలు పోయినచో నూటికి ముప్పదివంతుల సంపాదనాశక్తి పోయినట్లు లెక్కించెడిది. ఎముక పోకుండ అనామిక కొన తెగినచో రెండే వంతులు. ఆ రెండు వంతులకు నేనెరిగిన వెల వేరు. నీవు పుట్టిన పదునొకండవనాడు నిన్ను ఒడిలోనికి తీసికొన్నప్పుడు నీ గుప్పిలి నా మొండి వ్రేలినే బిగబట్టినది. ఆ స్పర్శ ఆ కొనకు సగమే తెలిసినది.

కట్టు విప్పిన పిదప, తొందరపడక, నీ చేతితోనే నాకొక పుట వ్రాయుము. సంగతు లేమియు లేకున్నను సరియే; అక్షరములు నిటారుగా నున్నచో మీ పెద్దమ్మకు చదివి వినిపింతును.

ఇట్లు,
మీ పెదనాన్న