పెద్ద కారుకు ఇంకా పెద్ద చక్రాలు

రోడ్డు ప్రక్కన నిలిపివున్న మోటారు కారు టైరును ఎప్పుడైనా వంగి దగ్గరగా చూశారా? దాని ప్రక్కగోడ మీద 265/70 ఆర్ 17 వంటి అంకెలు పోతపోసి వుంటాయి. చాలామంది అవేవో కంపెనీ గుర్తులనుకుంటారు. కాదు. ఆ అంకెలు చదవడం వస్తే టేపు పెట్టి కొలవకుండానే టైరు వ్యాసం చెప్పవచ్చు. ఆ టైరు తీసి మరో టైరు వేస్తే బండి నడకలో ఏమేమి మారతాయో కూడా మీ తరగతి లెక్కలతోనే తేల్చవచ్చు.

పైన చెప్పిన కొలత అమెరికాలోని ఒక పెద్ద కుటుంబ కారుది. దాని పేరు షెవ్రొలె సబర్బన్. ఈ పేరుతో మొదటి బండి 1935లో వచ్చింది. అందులో ఎనిమిది మంది కూర్చునేవారు. ఆ పేరు ఈనాటికీ నిలిచివుంది. 2007 తర్వాతి కొన్ని మోడళ్ళకు ఈ కొలత టైర్లు వేశారు. ఖాళీ బండి బరువే సుమారు 2600 కిలోగ్రాములు. పిల్లా పాపలతో, సామానుతో వందల కిలోమీటర్లు వెళ్ళే సంసారాలకు అది నడిచే ఇల్లు వంటిది.

ఇంత పెద్ద బండి కొన్న తర్వాత కొందరు యజమానులు అంతటితో ఆగరు. మంచులో, బురదలో, గతుకుల దారిలో అడుగుభాగం నేలకు తగలకుండా వుండాలని ఇంకా పెద్ద టైర్లు వేయిస్తారు. స్ప్రింగుల దగ్గర దిమ్మెలు పెట్టించి బండిని ఎత్తు చేయిస్తారు. పైకప్పు మీద సామాను చట్రం బిగిస్తారు. ఈ కోరికల్లో తప్పేమీ లేదు. అయితే ఒక అంకె మారిస్తే దానితో ముడిపడిన అంకెలన్నీ మారతాయి. అదే ఈనాటి మన పాఠం.

టైరు లెక్క

265 అంటే టైరు వెడల్పు, మిల్లీమీటర్లలో. 70 అంటే టైరు ప్రక్కగోడ ఎత్తు ఆ వెడల్పులో 70 శాతం అని అర్థం. 17 అంటే లోపలి ఇనుప చక్రం వ్యాసం, అంగుళాలలో. ఇక లెక్క వేద్దాం.

ప్రక్కగోడ: 265లో 70 శాతం = 185.5 మి.మీ.
ఇనుప చక్రం: 17 × 25.4 = 431.8 మి.మీ.
మొత్తం వ్యాసం: 431.8 + 185.5 + 185.5 = 802.8 మి.మీ.
చుట్టుకొలత: సుమారు 2.52 మీటర్లు.

ఇప్పుడు యజమాని 315/70 ఆర్ 17 టైర్లు వేయించాడనుకోండి. ఇదే పద్ధతిలో లెక్కిస్తే వ్యాసం 872.8 మి.మీ., చుట్టుకొలత 2.74 మీటర్లు వస్తాయి. అంటే ఒక్కొక్క చుట్టుకు బండి సుమారు 22 సెంటీమీటర్లు ఎక్కువ దూరం పోతుంది.

కాని స్పీడోమీటరుకు ఈ సంగతి తెలియదు! అది దూరాన్ని చూడదు, చక్రానికి సంబంధించిన చుట్లను మాత్రమే లెక్కపెడుతుంది. పాత టైర్లతో అది సరిగ్గా చూపేదనుకుంటే, కొత్త టైర్లతో ముల్లు 100 దగ్గర వున్నప్పుడు బండి నిజంగా గంటకు 108.7 కిలోమీటర్ల వేగంతో పోతూవుంటుంది.

తొమ్మిది కిలోమీటర్లే కదా అంటారా? గతిజశక్తి వేగం యొక్క వర్గాన్ని అనుసరించి పెరుగుతుందని చదివారు కదా. 1.087 వర్గం 1.18. అంటే బ్రేకులు అణచవలసిన శక్తి 18 శాతం పెరిగింది. అసలు కష్టం ఇంకొకటి వుంది. బ్రేకు పట్టేది చక్రం నడుమ భాగంలో. దాని ఫలితం కనిపించేది అంచున, నేల దగ్గర. ఇది మీట సూత్రమే. భుజం పొడవు పెరిగింది కనుక, కాలితో అదే బలంతో తొక్కినా నేల దగ్గర ఆపే బలం సుమారు 8 శాతం తగ్గుతుంది. ఆపవలసినది పెరిగింది, ఆపేది తగ్గింది. వీధిలో బంతి కోసం పరుగెత్తుకొచ్చే పిల్లవాడికి ఈ రెండు అంకెల మధ్య తేడాయే ప్రాణం.

చేసి చూడండి

ఒక చెక్కపలక మీద ఖాళీ అగ్గిపెట్టెను పడుకోబెట్టండి. జారకుండా దాని ముందు చిన్న పుల్ల అడ్డం పెట్టండి. పలకను ఒకవైపు మెల్లగా ఎత్తండి. అగ్గిపెట్టె ఎప్పుడు దొర్లిందో గుర్తుపెట్టుకోండి. ఇప్పుడు దాన్ని నిలువుగా నిలబెట్టి మళ్ళీ చేయండి. ఈసారి కొద్దిగా ఎత్తగానే పడిపోతుంది. పెట్టె అదే, బరువూ అదే. మారింది గరిమనాభి ఎత్తు, అడుగు వెడల్పు.

అమెరికా ప్రభుత్వం 2001 మోడళ్ళ నుంచి కార్లు పల్టీకొట్టే అవకాశాన్ని ఈ సూత్రంతోనే అంచనా కట్టసాగింది. ఎడమ, కుడి చక్రాల మధ్య దూరాన్ని గరిమనాభి ఎత్తుకు రెట్టింపుతో భాగిస్తారు. వచ్చిన సంఖ్య ఎంత పెద్దదైతే బండి అంత స్థిరం. మామూలు కార్లకు ఇది 1.3 నుంచి 1.5 వరకు వుంటుంది. ఎత్తయిన బండ్లకు అంతకన్న తక్కువ.

మన బండికి చక్రాల మధ్య 173 సెం.మీ., గరిమనాభి ఎత్తు 75 సెం.మీ. అనుకుందాం. 173ను 150తో భాగిస్తే 1.15. టైర్లతోను, దిమ్మెలతోను గరిమనాభి 8 సెం.మీ. పైకి పోతే అది 1.04కు దిగుతుంది. కప్పు మీద 80 కిలోల సామాను కూడా కడితే దాదాపు 1 అవుతుంది. సంఖ్య 1 అయితే, ప్రక్కకు తోసే బలం బండి బరువంత కాగానే బండి దొర్లుతుందన్నమాట. మలుపులో బండి ఒరిగినా, చక్రం గట్టు అంచుకు తగిలినా ఇంకా తక్కువ బలమే చాలు. కనుక బరువైన సామాను లోపల, క్రిందుగా వుండాలి. కప్పు మీదకు తేలికవే ఎక్కాలి.

గాలి మోసే బరువు

ఇన్ని మార్పులకు డబ్బు పోసేవారు కూడా దాదాపు ఖర్చులేని ఒక పనిని మరచిపోతారు. అది టైర్లలో గాలి చూడటం.

2600 కిలోల బరువు నాలుగు చక్రాలకు పంచితే ఒక్కొక్కదానికి 650 కిలోలు. గాలి పీడనం చదరపు అంగుళానికి 35 పౌన్లు, అంటే చదరపు సెంటీమీటరుకు సుమారు 2.46 కిలోలు. 650ని 2.46తో భాగిస్తే 264 చదరపు సెంటీమీటర్లు. టైరు గోడ కూడా కొంత మోస్తుంది కనుక ఇది ఉజ్జాయింపు లెక్క. అంటే అంత పెద్ద బండి ఒక్కొక్క చక్రం దగ్గర రెండు పోస్టుకార్డులంత మేర మాత్రమే నేలను పట్టుకొని వుంటుంది!

గాలి తగ్గితే టైరు చదునై, తిరిగిన ప్రతిసారీ ఎక్కువగా వంగి లేస్తుంది. ఇనుప తీగను పదే పదే వంచి పట్టుకొని చూడండి, వేడెక్కుతుంది. టైరూ అంతే. ఆ వేడికి లోపలి పొరల అతుకు సడలి, పై తొడుగు ఊడిపోవచ్చు.

ఇది కాగితం మీది భయం కాదు. 2000 ఆగస్టులో అమెరికాలో ఫైర్‌స్టోన్ కంపెనీ 65 లక్షల టైర్లను వెనక్కు పిలిచింది. వాటిలో ఎక్కువ భాగం ఫోర్డ్ ఎక్స్‌ప్లోరర్ అనే కుటుంబ కార్లవి. వేగంగా పోతున్న బండ్లకు తొడుగు ఊడి, బండ్లు పల్టీకొట్టి, 200 మందికి పైగా మరణించారు. కార్ల కంపెనీ చెప్పిన పీడనం 26 పౌన్లు. టైర్ల కంపెనీ తర్వాత 30 వుండాలన్నది. తప్పు నీదంటే నీదని రెండూ వాదించుకున్నాయి. 2001లో ప్రభుత్వ దర్యాప్తు టైర్ల నిర్మాణంలో లోపాన్ని ఎత్తిచూపింది. లోపమున్న టైరుకు ఎండ, వేగం, బరువు, చాలని గాలి తోడైతే ఏమవుతుందో లోకం చూసింది. ఈ ప్రమాదాల దరిమిలా చేసిన చట్టం ఫలితంగా, గాలి తగ్గితే హెచ్చరించే పరికరం 2007 సెప్టెంబరు నుంచి అక్కడ తయారయ్యే కొత్త కార్లన్నిటికీ తప్పనిసరి అయింది.

గాలి ఎప్పుడు చూడాలి? ఉదయం, బండి కదలకముందు. ఎందుకో చూడండి. 35 పౌన్లకు బయటి వాతావరణ పీడనం సుమారు 15 కలిపితే 50. ఉష్ణోగ్రత 27 డిగ్రీల నుంచి 57కు పెరిగితే, పరమమానంలో 300 నుంచి 330కి పెరిగినట్లు. పీడనం కూడా పదో వంతు పెరిగి 55 అవుతుంది. మీటరు 40 చూపుతుంది. ఎక్కువైందని గాలి వదిలి 35కు తెచ్చారో, చల్లారాక అది 30 దగ్గరకు దిగిపోతుంది!

కాబట్టి పిల్లలూ, మార్పు చేయకూడదని కాదు, ముందు లెక్క చూసుకోవాలి. పెద్ద టైరు వేస్తే స్పీడోమీటరును సరిచేయించాలి, బ్రేకులు చాలునో లేదో చూడాలి. మన దేశంలోనైతే 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను కంపెనీ ఇచ్చిన ముఖ్య వివరాలకు భిన్నంగా బండిని మార్చడాన్ని నిషేధిస్తుంది.

మీకు లెక్కలు

1. కొన్ని స్కూటర్ల టైరు మీద 90/100–10 అని వుంటుంది. చుట్టుకొలత ఎంత? (జవాబు: సుమారు 1.36 మీటర్లు)

2. మీ ఇంట్లోనో, ప్రక్కింట్లోనో వున్న బండి టైరు మీది అంకెలు వ్రాసుకొని వ్యాసం లెక్కకట్టండి. తర్వాత టేపుతో కొలవండి. తేడా వస్తే ఎందుకు వచ్చిందో ఆలోచించండి.

3. ఆ బండికి ఎంత గాలి వుండాలో డ్రైవరు తలుపు దగ్గరి చీటీలో గాని, పుస్తకంలో గాని వెతకండి. చివరిసారి ఎప్పుడు చూశారో పెద్దవాళ్ళను అడగండి. ఈ మూడో ప్రశ్నకు జవాబు నేను చెప్పలేను; మీ ఇంట్లోనే దొరకాలి.