దేవుడు వినలేదా, మేం సరిగా అడగలేదా?

ప్రశ్న: అయ్యగారూ, మావారికి క్యాన్సర్ అని తెలిసిన రోజు నుంచి ఏడు నెలలు ప్రార్థించాం. శుక్రవారాలు ఉపవాసం ఉన్నాం. సంఘ పెద్దలు ఇంటికొచ్చి నూనె రాసి ప్రార్థన చేశారు. ఆయన ప్రభువు దగ్గరికి వెళ్లిపోయారు. జ్ఞాపకార్థ కూటం రోజున ఒకావిడ, ‘ఇంకాస్త విశ్వాసం ఉంటే బతికేవాడమ్మా’ అంది. అప్పటినుంచి మోకాళ్లూనలేకపోతున్నాను. నా విశ్వాసం చాలకే ఆయన పోయారా?
– ఒక సోదరి, గుంటూరు జిల్లా

జవాబు: కాదమ్మా. కానే కాదు.

మీరు చేయాల్సినవన్నీ చేశారు. పెద్దల్ని పిలిచి నూనె రాయించమని యాకోబు పత్రికలో ఉన్నదే మీ ఇంట్లో జరిగింది. ఆవిడ అన్న మాటకు మాత్రం బైబిల్లో చోటు లేదు. పౌలు ఒంటి మీది చేతిగుడ్డలు తెచ్చి వేస్తే ఎఫెసులో రోగులు బాగయ్యారు. అదే పౌలు, త్రోఫిము జబ్బుపడితే మిలేతులో విడిచి వచ్చానని తిమోతికి రాశాడు. తన ఒంట్లో ముల్లు తీసేయమని మూడుసార్లు బతిమాలుకుంటే ముల్లు పోలేదు, కృప చాలునన్న జవాబు వచ్చింది. పౌలుకు విశ్వాసం చాలలేదని మీ సంఘంలో ఎవరైనా అనగలరా?

గెత్సేమనే తోటలో ప్రభువే ఆ గిన్నె తొలగించమని మూడుసార్లు అడిగాడు. గిన్నె తొలగలేదు. అయినా హెబ్రీ పత్రిక ఆయన మొర దేవుడు ఆలకించాడనే అంటుంది. ఏళ్ల తరబడి నేను ఆ వచనం దగ్గర ఆగిపోయేవాణ్ని. ఆలకించడమంటే అడిగింది ఇవ్వడమే అనుకున్నన్నాళ్లూ అది నాకు మింగుడుపడలేదు. తండ్రి కుమారుణ్ని సిలువ తప్పించలేదు, కానీ సమాధిలో వదిలెయ్యలేదు. మీవారి విషయంలోనూ ఆ రెండో సగం ఇంకా మిగిలే ఉంది. అయితే ఇప్పుడే ఎందుకు, మీ ఇంటికే ఎందుకు అంటే, కారణం తెలుసని ఎవరు చెప్పినా నమ్మకండి. యోబు స్నేహితులు అలాగే చెప్పి దేవుడి కోపానికి గురయ్యారు.

షిలోహులో మౌనంగా ప్రార్థిస్తున్న హన్నా పెదవులు కదలడం చూసి యాజకుడైన ఏలీయే ఆమె తాగి ఉందనుకున్నాడు. ప్రార్థించే మనిషి మనసు పక్కవాళ్లకు అందకపోవడం ఇవాళ్టిది కాదమ్మా.

మోకాళ్లూనలేకపోతే ఊనకండి. కూర్చునే 88వ కీర్తన చదవండి. చాలా కీర్తనల్లాగా అది స్తోత్రంతో ముగియదు, చీకటి దగ్గరే ఆగిపోతుంది. అదీ ప్రార్థనే. మాట రాకపోతే ఏడవండి. మాటల్లేని మూలుగులతో ఆత్మే మన పక్షాన వేడుకుంటాడని పౌలు రాశాడు. నాలుగు ఆదివారాలు గుడికి వెళ్లలేకపోయినా మీమీద ఏ నిందా లేదు.

ప్రశ్న: మూడేళ్లుగా టీచరు పోస్టు కోసం ప్రార్థిస్తున్నాను. డీఎస్సీ కొద్ది మార్కుల్లో పోయింది. దేవుడు వద్దంటున్నాడా, ఆగమంటున్నాడా?
– ఒక తమ్ముడు, ఒంగోలు

జవాబు: ఆ తేడా ముందే తెలిసే గుర్తు లేదు తమ్ముడూ. కొత్త సంవత్సరం రాత్రి తీసిన వాగ్దాన కార్డును హాల్‌టికెట్టు అనుకోవద్దు.

మీ ఊళ్లోనే ప్రార్థన కొండ ఉంది. 1854 జనవరి 1 తెల్లవారుజామున మిషనరీ లైమన్ జూయెట్ దంపతులు, ముగ్గురు తెలుగు విశ్వాసులు దాన్ని ఎక్కి, ఒంగోలుకు ఒక మిషనరీని పంపమని అడిగారు. అమెరికాలో వాళ్ల మిషన్ పెద్దలు తెలుగు పనిని మూసేయాలా అని తర్జనభర్జన పడుతున్న రోజులవి. జాన్ క్లౌ దొర వచ్చి ఒంగోలులో కాపురం పెట్టింది 1866లో. పన్నెండేళ్లు! మధ్యలో జూయెట్ స్వదేశానికి వెళ్లొచ్చాడు, తిరుగు ఓడలో ఆయనతోపాటే వచ్చాడు క్లౌ. ఆ క్లౌ అంతకుముందు సర్వేయరు. 1876–78 కరువులో బకింగ్‌హామ్ కాలువ తవ్వకం కాంట్రాక్టు తీసుకుని వేలమందికి కూలి దొరికేలా చేసింది ఆ పాత చదువే.

అందుకే మీ చదువును ఇంట్లో కూర్చోబెట్టకండి. ఈ జూన్‌లో దగ్గర్లోని బడిలో చేరి పాఠం చెప్పండి, సాయంత్రాలు డీఎస్సీకి చదవండి. మీ వయోపరిమితికి ఇంకెన్నేళ్లుందో, ఏ సబ్జెక్టులో మార్కులు తగ్గుతున్నాయో నాకు రాయండి.